నీడపట్టున మొలచు ఓషధులు

పెరడు గల గృహస్థు ఎండ పడు భాగమును వంగకును బెండకును మల్లెకును బంతికిని పంచి యిచ్చిన పిమ్మట, ఎవ్వరును కోరని స్థలమొకటి మిగిలిపోవును. ఇంటిగోడకును ప్రహరీకిని నడుమనుండు సందు, మామిడిచెట్టు మొదలు, నూతిచప్టా వెనుకటి చెమ్మనేల, మేడనీడలో సంవత్సరమున సగముకాలము సూర్యదర్శన మెరుగని మూల, ఇట్టి తావులలో విరిగిన కుండలును పాతతలుపులును వంటచెఱకును చేరుట మన యిండ్లలో ఆనవాయితీ. ఆ నేలను ఏమి చేయవలెనని యడిగినచో మూడు తెఱగుల సమాధానములు వినవచ్చును. అచట ఏమియు పండదని కొందఱు తేల్చివేయుదురు. చెట్టు కొట్టివేసిన సర్వము చక్కబడునని కొందఱు సలహా యిత్తురు. తోటపని పుస్తకములు చదివిన మూడవ వర్గమువారు పుదీనా, సరస్వతియాకు, తమలపాకు, అల్లము అని నీడకోర్చు మొక్కల పట్టిక నొకదానిని గడగడ అప్పగింతురు. మొదటి రెండింటికంటె ఈ మూడవది మేలైన సమాధానమే. కాని దానిని నమ్మి మొక్కలు తెచ్చి నాటినవారిలో పలువురు కొలదినెలలకే మొదటి వర్గములో చేరుచుండుట చూడగా, పట్టికలో ఏదియో లోపమున్నదని తోచకమానదు. లోపము మొక్కల పేళ్ళలో లేదు. నీడ యనునది ఎల్లచోటుల నొక్కటే వస్తువని తలంచుటలో నున్నది. వంటింటికిని చిట్కావైద్యమునకును పనికివచ్చు ఆకులను, తీగలను, దుంపలను పెంచ గోరువారు ముందుగా తెలిసికొనవలసినది మొక్క స్వభావము కాదు, తమ పెరటినీడ స్వభావము.

నిర్మలాకాశము క్రింద మధ్యాహ్నవేళ మన నేలపై పడు వెలుగు, లక్స్ అను ప్రమాణములో కొలిచినచో, సుమారు 1,00,000. అదే సమయమున ఇంటినీడలో, ఆకాశము విశాలముగా కనబడు చోట, అది 10,000 ప్రాంతమునకు దిగును. గుబురైన మామిడి క్రింద అంతకంటెను మిక్కిలి తగ్గును. కిటికీకి ఎడముగా నున్న గదిలోపల కొన్ని వందలకు మించదు. మన కన్ను ఈ భేదమును ఉన్నదున్నట్లు గ్రహింపజాలదు. వెలుగు తగ్గినకొలదియు కనుపాప విప్పారి, పదవవంతు వెలుతురును గూడ మనకు చాలినంతగనే చూపును. అందుచేత “ఇక్కడ వెలుతురు బాగానే యున్నది గదా” యను గృహస్థుని మాటకును, అచట ఆకలితో నున్న మొక్క స్థితికిని పొత్తు కుదరదు. పరికరములు లేనివారికి సులువైన పరీక్ష యొకటి గలదు: మధ్యాహ్నము ఆ తావున తెల్లకాగితము పఱచి, దానికి అడుగెత్తున అరచేయి చాచినచో, వ్రేళ్ళ నీడ అంచులతో సహా స్పష్టముగా పడెనేని అది నీడ కాదు, ఎండయే, ఆకారము తెలిసి అంచులు చెదరినట్లున్న అది అరనీడ, చేయి యున్నదో లేదో కాగితము చెప్పలేకపోయిన అది కారునీడ.

ఇందులో మనకనుకూలమైన సంగతియు నున్నది. పెక్కుమొక్కల ఆకులు మధ్యాహ్నపు పూర్ణాతపములో మూడవవంతు మొదలు సగమువరకు మాత్రమే కిరణజన్యసంయోగక్రియకు వినియోగించుకొనగలవు. తక్కినది వేడిమిగా మారి ఆకులోని నీటిని హరించుటకే తోడ్పడును. చలిదేశపు తోటమాలికి నీడ యనగా నష్టము. వైశాఖ జ్యేష్ఠములలో 42, 43 డిగ్రీల వేడిమి సోకు గుంటూరులోను రామగుండములోను, అపరాహ్ణపు నీడ లేతమొక్కకు ప్రాణరక్షణము. కావున “రోజునకు ఆరుగంటల యెండ” వంటి పాశ్చాత్య సూత్రములను మన పెరళ్ళకు తు.చ. తప్పక అన్వయించుట యుక్తము కాదు. ఉదయము ఏడునుండి పదివరకు పడు మూడుగంటల యెండకును, మధ్యాహ్నము ఒంటిగంటనుండి నాలుగువరకు పడు మూడుగంటల యెండకును గడియారము భేదము చూపదు, పుదీనాపాదు చూపును.

గోడనీడకును చెట్టునీడకును గల యంతరము ఇంతకంటె సూక్ష్మమైనది, ఇంతకంటె ముఖ్యమైనది. గోడ సూర్యుని మఱుగుపఱచును గాని ఆకాశమును మఱుగుపఱపదు. అచట పడు వెలుగు తక్కువదైనను దాని వన్నెల పాళ్ళు పెద్దగా చెడవు. చెట్టు ఆకులట్లు కాదు. అవి తమకు కావలసిన ఎఱ్ఱని కాంతిని నీలకాంతిని పీల్చుకొని, తమకక్కఱలేని, మన కంటికి దాదాపు కనబడని దూరరక్తకాంతిని క్రిందికి జార్చును. ఈ రెండు ఎఱుపుల నిష్పత్తిని కనిపెట్టు వర్ణద్రవ్యమొకటి మొక్కల దేహములో నున్నదని అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధనాక్షేత్రపు శాస్త్రజ్ఞులు 1959లో పట్టి చూపిరి. దానికి ఫైటోక్రోము అని పేరు. దూరరక్తకాంతి హెచ్చినంతనే మొక్క తనపై మఱియొక మొక్క కప్పియున్నదని యెఱిగి, ఆకులను ప్రక్కకు పెట్టి, కాడను సాగదీసి వెలుగుకై పరుగిడును. చెట్టు క్రింద నాటిన కొత్తిమీర సన్నని కాడలతో సోలిపోవుటకును, అంతే వెలుగు గల గోడప్రక్కన కొంత నిలద్రొక్కుకొనుటకును ఇదియే హేతువు. అడవిలో పెద్దచెట్ల క్రింద పుట్టి పెరుగు జాతులు మాత్రము ఈ పరుగును మానుకొన్నవి. అవి ఆకును వెడల్పుగను పలుచగను చేసి, పత్రహరితమును హెచ్చించుకొని, లభించినదానితో తృప్తి నొందును. మిరియపుతీగ, పిప్పలి, తమలపాకు ఈ కోవలోనివి. అదిగాక చెట్టునీడలో మఱియొక చిక్కు గలదు: పైన ఆకులు వెలుగును దోచుచుండగా క్రింద వేళ్ళు నీటిని దోచుచుండును. వర్షాకాలములో సైతము గుబురైన మామిడి మొదట నేల పొడిగనే యుండుట మనమెల్లరమును చూచినదే. గోడనీడ సామాన్యముగా తడినీడ, చెట్టునీడ పొడినీడ. ఒక దానికి పనికివచ్చు మొక్క రెండవదానిలో అలమటించుటలో వింత లేదు.

దిక్కుల విషయమున మన తోటపని పుస్తకములు చేసిన అపచారము చిన్నది కాదు. ఇంగ్లండులో వ్రాయబడిన ప్రతి గ్రంథమును ఉత్తరపుగోడను నిత్యచ్ఛాయాస్థానముగా వర్ణించును, అది అచటికి సత్యము. మన పుస్తకములు ఆ మాటనే ఎత్తి వ్రాసికొన్నవి. తెలుగుదేశము సుమారు 13 మొదలు 20 డిగ్రీల ఉత్తరాక్షాంశముల నడుమ, కర్కటరేఖకు దక్షిణముగా నున్నది. సూర్యుడు మనకు ఏటికి రెండుమారులు సరిగా నడినెత్తికి వచ్చును. హైదరాబాదులో అది మే 9వ తేదీ ప్రాంతమునను ఆగస్టు 3వ తేదీ ప్రాంతమునను సంభవించును, ఆ మధ్యకాలమంతయు సూర్యుడు మధ్యాహ్నవేళ కించిత్తు ఉత్తరముననే యుండును. లెక్క చూడుడు: డిసెంబరు నెలాఖరున హైదరాబాదులో 10 అడుగుల గోడ మధ్యాహ్నము ఉత్తరముగా ఎనిమిది తొమ్మిది అడుగుల నీడ పఱచును, జూన్ నెలాఖరున అదే గోడ దక్షిణముగా అడుగు నీడ మాత్రమే వేయును. శీతకాలమున చూచి, ఇది చల్లని మూల యని ఉత్తరపుగోడ ప్రక్కన తమలపాకు పెట్టినవారు, మే నెలలో ఉదయము ఈశాన్యమునుండియు సాయంకాలము వాయవ్యమునుండియు ఏటవాలుగా వచ్చు ఎండకు ఆకులు మాడుట చూచి, మొక్కలవానిని దూషింతురు. జూన్, జూలైలలో మబ్బులు కొంత కాపాడును. మే నెలను దాటించుటయే అసలు పని. నా మతమున మన దేశములో ఓషధుల కనువైన తావు ఇంటికి తూర్పున నున్నది. లేతయెండ తగిలి మధ్యాహ్నము తిరిగినంతనే గోడ చాటు దొరకు ఆ స్థలమును వాహనములకును చెప్పులబల్లకును విడిచివేయుట దుబారా. పడమటిగోడ సంగతి చెప్పనక్కఱలేదు. సూర్యుడస్తమించిన తరువాత గూడ అది కొలిమివలె సెగలు గ్రక్కుచుండును.

పూర్వుల గృహములలో ఈ వివేకము సూత్రముగా గాక అలవాటుగా నుండెడిది. మండువాలోగిలి నడిమి వాకిట, ఆకాశము క్రింద, తులసికోట. నూతిచుట్టు చెమ్మలో అరటి, చేమ. జాలారు పాఱు దారిలో పుదీనా. జామచెట్టునకో మునగచెట్టునకో ప్రాకించిన తమలపాకుతీగ. తులసికి వెలుగు, పుదీనాకు తడి, తమలపాకునకు చాటు అని ఎవరును శాసనము చేయకున్నను, తరతరముల గృహిణులు మొక్క బ్రతికినచోటనే దానిని ఉండనిచ్చుటచే ఈ యమరిక యేర్పడినది. శాస్త్రగ్రంథములును ఈ విషయమున నిశ్శబ్దముగా లేవు. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున చెట్టునకును చెట్టునకును నడుమ ఇరువది మూరల యెడము ఉత్తమము, పదునాఱు మధ్యమము, పండ్రెండు అధమము అని విధించి, దగ్గఱదగ్గఱగా నాటిన చెట్లు కొమ్మలు వేళ్ళు ఒండొంటిని తాకి సరిగా ఫలింపవని చెప్పెను. సురపాలుని వృక్షాయుర్వేదము ఆక్స్‌ఫర్డులో నున్న వ్రాతప్రతినుండి వెలికివచ్చి 1996లో సికింద్రాబాదునుండి ముద్రితమైనది. ఇవన్నియు చెట్టు క్షేమమునకు వ్రాసిన గ్రంథములే గాని చెట్టు క్రిందనుండు చిన్నమొక్కను ప్రధానముగా తలపెట్టినవి కావు. చిన్నమొక్క గుణములను వస్తుగుణదీపిక వంటి తెలుగు గ్రంథములు సవిస్తరముగా చెప్పినవి. కాని వాని చూపు ఆకు నూఱు కల్వము మీదనే గాని ఆకు పెరుగు నేలమీద లేదు. రెండు శాస్త్రముల నడుమ మన నీడపట్టు అనాథగా మిగిలినది.

నీడలో పంట తీయు విద్యను పూర్ణముగా నేర్చినవాడు తమలపాకు రైతు. గుంటూరుజిల్లా పొన్నూరు ప్రాంతములందలి ఆకుతోటలు చూచినవారికి నీడ యనునది దొరకునది కాదు, సేద్యము చేయునది యని బోధపడును. రైతు ముందుగా అవిసెగింజలు వరుసలుగా విత్తి, అవి ఎదిగి పలుచని నీడ నిచ్చునంతవరకు వేచి, అటుపిమ్మట తమలపాకుతీగల ముక్కలు నాటి అవిసెకంబములకే ప్రాకించును. అవిసె ఆకు చిన్నది. దాని క్రింద ఎండ చుక్కలు చుక్కలుగా రాలును. గుబురు హెచ్చినపుడు కొమ్మలు విఱిచి వెలుగును సరిచూచుకొనును. విఱిచిన ఆకు పశువులకు మేత. తీగ పైకి పోయి ఆకు చిన్నదైనచో దానిని దించి, క్రిందిభాగమును చుట్టగా మట్టిలో కప్పి, కొనను మరల ప్రాకించును. కప్పిన కణుపులనుండి క్రొత్తవేళ్ళు పుట్టి తీగకు మరల పడుచుదనము వచ్చును. ఇదంతయు పెరటిలోనొక తీగకును వర్తించును. పెరళ్ళలో తమలపాకుతీగ రెండవయేట పెళుసై పసుపువాఱుట కెక్కువగా కారణము ఎవరును దానిని దించకపోవుటయే. తీగకు కావలసినది ఎడతెగని చెమ్మ గల గాలియు, నీరు నిలువని నేలయు. నీరు నిలిచినచో కుళ్ళుతెగులు తీగ మొదలును తినివేయును. ఆకుతోటలవారు ఇందులకై మైలుతుత్తము సున్నము కలిపిన బోర్డో మిశ్రమము వాడుదురు. ఇంట ఆకు కోసికొని తాంబూలము వేసికొనువారు మందుకంటె పాదు ఎత్తుచేసి నీరు జాఱునట్లు చూచుకొనుట మేలు.

తమలపాకు దాయాదులగు మిరియము, పిప్పలి యీ ప్రస్తావనలో వదలరానివి. 18వ శతాబ్ది చివరిభాగమున సామర్లకోటలో కంపెనీ కొలువు చేసిన విలియం రాక్స్‌బర్గు, రాజమహేంద్రవరమునకు ఉత్తరపు కొండలలో మిరియపుతీగ తనంతట తాను పెరుగుచుండుట గుర్తించి సామర్లకోటలో మిరియపుతోట వేయించెను. 1793లో ఆయన కలకత్తా ఉద్యానవనమునకు వెడలిపోయెను. మిరియము మైదానములో పెద్దపంటగా స్థిరపడలేదు గాని, నేడు అరకు, పాడేరు కొండలపై కాఫీతోటలకు నీడనిచ్చు సిల్వరుఓకు మ్రాకులకు మిరియపుతీగలు అల్లుకొని యుండుట చూడవచ్చును. పిప్పలి విశాఖ మన్యములో చింతపల్లి ప్రాంతముల సాగగును, అచట కాయకంటె వేరునకు గిరాకి యెక్కువ; బజారులో మోడి యని బాలింతల పథ్యమునకు అమ్మునది ఆ వేరే. పెరటివారికి ఒక యుపాయము చెప్పవచ్చును: మిరియములో ప్రాకు కొమ్మనుండి గాక, కాయలు గాచు ప్రక్కకొమ్మనుండి అంటు తీసినచో తీగ కాక పొద యగును, గోలెములో ఇముడును. ఉదయపుటెండ తగిలి మధ్యాహ్నము చాటు దొరకు వరండా దానికి చాలును. ఇంటిల్లిపాదికిని ఏటికి సరిపడు మిరియములు వచ్చునని ఎవరైన చెప్పినచో నమ్మవలదు; పచ్చిమిరియపు గుత్తులు ఊరగాయకు చాలినన్ని వచ్చును.

దుంపజాతుల విషయమున పుస్తకములు కొంత అతిశయోక్తి పలుకును. పసుపు నీడనే కోరునను మాట సరికాదు. నిజామాబాదు, దుగ్గిరాల ప్రాంతముల పసుపుచేలు పూర్ణాతపములో నున్నవే. నీడను అది భరించును గాని కోరదు. కోనసీమలో కొబ్బరితోటలలో అంతరపంటగా పసుపును కందను వేయుట చిరకాలాచారము. కొబ్బరిమట్టల సందులనుండి దిగు కదలునీడ దానికి హాని చేయకపోగా నేలలోని తేమను కాపాడును. నీడ హెచ్చినకొలది ఆకు ఏపుగా పెరిగి దుంప చిక్కుట మాత్రము నిశ్చయము. అల్లము నిజముగనే నాలుగవవంతు నీడను ఇష్టపడును. కచ్చూరములు, దుంపరాష్ట్రము చెట్ల మొదళ్ళయందు మొండిగా బ్రతుకును. స్నానపు సున్నిపిండికి కచ్చూరములు, కషాయమునకు దుంపరాష్ట్రము వాడు అలవాటు సన్నగిల్లుటచే వానిని అడుగువారు తక్కువైరి. ఏ పనికిరాని మూలకైనను ఒక్క మొక్క చెప్పుమని అడిగినచో నేను దుంపరాష్ట్రమునే చెప్పుదును. నిలువెత్తున పెరిగి ప్రహరీని కప్పును. తెల్లనిపూలు గుత్తులుగా పూయును. రెండు మూడేండ్లవరకు దానిని కదలింపనక్కఱలేదు.

నూతిచప్టా వెనుకటి తడినీడకు రాణి సరస్వతియాకు. మూత్రపిండాకారపు చిన్నచిన్న ఆకులతో నేలను ప్రాకి, ప్రతి కణుపున వేరు దిగి, ఒక వానకాలములో గజము నేలను కప్పివేయును. ఎండలో దాని ఆకు చిన్నదై దళసరియై చేదు హెచ్చును. నీడలో కాడ పొడవై ఆకు వెడల్పగును, పచ్చడికి ఇదియే మేలు. బ్రాహ్మి యను పేర కొన్నిచోట్ల దీనినే, కొన్నిచోట్ల నీరుబ్రాహ్మిని అమ్ముచుండుటచే కొనువారు ఆకు చూచి కొనవలెను. నీరుబ్రాహ్మి ఆకు దళసరియై అండాకారముగా నుండును, తెల్లనిదో లేతనీలిదో పూవు పూయును. దానికి నీరెంత కావలెనో వెలుగును అంత కావలెను, కారునీడలో మురిగిపోవును. వసయు ఇట్టి తడినేలదే. పసిపిల్లలకు వసకొమ్ము అరగదీసి నాకించు ఆచారము మన యిండ్లలో నేటికిని గలదు. ఇందలి ఏసరోను అను పదార్థము జంతువులపై పరీక్షలో హానికరమని తేలుటచే అమెరికా ప్రభుత్వము 1968లో ఆహారమునందు వస వాడుకను నిషేధించినది. మొక్కను పెంచుటలో దోషము లేదు. ఆకు సువాసన హాయిగా నుండును. శిశువు నోటికి మాత్రము వైద్యునడుగక అందింపరాదు. జాలారు విషయమునను ఒక హెచ్చరిక యవసరము. కుంకుడుకాయ, సీకాయ, బూడిద వాడిన కాలపు జాలారునీరు వేఱు, నేటి సబ్బుపొడుల నీరు వేఱు. ఈ నీటిలోని సోడియము నేలను బిగదీసి గడ్డకట్టించును. పచ్చిగా తినదగిన ఆకులు మురుగునీటితో పెంచుట ఆరోగ్యమునకును చేటు. పూర్వులు చేసిరి గదా యని పుదీనాను నేటి వంటింటి తూముదగ్గఱ నాటుట పూర్వులను అనుసరించుట కాదు.

పుదీనాను నీడమొక్కయని పిలుచుట సగము సత్యము. బజారులో కొన్న కట్టలోని బలమైన కాడలు నాలుగు త్రుంచి గ్రుచ్చినను వేరూనును. తడి యున్న చాలు, ఎక్కడనైనను బ్రతుకును. బ్రతుకుట వేఱు, పచ్చడికి పనికివచ్చుట వేఱు. మూడు నాలుగు గంటల లేతయెండ లేనిచోట కాడ తీగసాగి, ఆకు పలుచబడి, ఘాటు మందగించును. ఇచటనే ఈ ప్రశ్నకంతటికిని కీలక మున్నది. పుదీనా, తులసి, మరువము, దవనము, వామాకు మొదలగువాని పరిమళము ఆకుపైనుండు సూక్ష్మగ్రంథులలోని తైలము. తైలము తయారగుటకు మొక్క తన కడుపు నింపుకొనగా మిగిలిన ధనము కావలెను. వెలుగు తక్కువైనచో ఆ మిగులు ఉండదు. కావున సువాసనకై పెంచు మొక్కలకు నీడ ఎప్పుడును రాజీయే. తులసిని మెట్ల క్రింద పెట్టి పూజించువారు భక్తులు కావచ్చును, తోటమాలులు మాత్రము కారు. మరువమును దవనమును నీడలో ప్రయత్నింపవలదు. వామాకు మధ్యేమార్గమున నున్నది: దళసరి ఆకు నీటిని దాచుకొనును గనుక అరనీడలో ఏపుగా పెరుగును, బజ్జీలకు కావలసిన వెడల్పాకు అచటనే దొరకును, నీరు హెచ్చుగా పోసినపుడు మాత్రము కాడ నల్లబడి కూలును.

కొత్తిమీర కథ వేఱు. చలికాలమున ఎండలోనే దాని అందము. ఫాల్గుణము దాటి వేడి ముదిరినపుడు ఆకు పెట్టుట మాని పూతకు దిగును. అపుడు నీడయే దానికి దీర్ఘాయువు నిచ్చును. వేసవిలో కొత్తిమీర కట్ట ధర మండిపోవుట ఎఱిగిన రైతులు ఆకుపచ్చని నీడవలల క్రింద దానిని సాగుచేయుచున్నారు. పెరటివాడు మునగనీడలో మడికట్టి, ధనియములను రెండు బద్దలుగా నలిపి చల్లి, సాయంకాలము నీరు చిలికించినచో పది పండ్రెండు దినములలో మొలక కనబడును. కోసిన కొలది మరల చిగిర్చునని ఆశింపక, పక్షమునకొక మడి చొప్పున విత్తుచుండవలెను. మెంతికూర యింతకంటె సులభము, లేతగనే పెఱికి వండుదురు గనుక దానికి వెలుగు లోటు తెలిసికొనునంత ఆయుర్దాయమే లేదు. కరివేపాకు అడవులలో పెద్దచెట్ల క్రింద పుట్టునదే. పిలకగా నున్నపుడు నీడ దానికి మేలు, ఎదిగినపిదప నీడలో బ్రతుకును గాని చిగురు తక్కువ. ఏటికొకసారి నడుమెత్తుకు నఱకి, క్రొత్తకొమ్మలు రప్పించినచో ఇంటికి చాలినంత ఆకు ఇచ్చును.

మందుమొక్కల విషయమున ఇటీవల కొంత వెఱ్ఱి ప్రబలినది. నేలవేము, అడ్డసరము, తిప్పతీగ, రణపాల ఇవన్నియు అరనీడలో పెరుగునవే; నేలవేము మన తూర్పుకనుమల అడవులలో చెట్ల క్రింద స్వయముగా మొలచును; అడ్డసరమును మేకయైన ముట్టదు గనుక కంచెకు మేలు; రణపాల ఆకు నేలరాలిన చోటనెల్ల అంచులనుండి పిల్లలు పెట్టును. పెంచుటలో కష్టము లేదు. కష్టమెల్ల పెరిగినపిదప మనుష్యులు చేయు సాహసములలో నున్నది. ఆకులోని మందుసారము నేలను, ఋతువును, వెలుగును, కోతకాలమును బట్టి మాఱును. గ్రంథములు చెప్పిన మాత్ర మన పెరటి గోడనీడలో పెరిగిన ఆకునకు అదేవిధముగా చెల్లునని ఎవరు హామీ యీయగలరు? అడ్డసరము గర్భిణులకు తగదని వైద్యులు చెప్పుదురు. రక్తపుపోటునకు దేశీయౌషధముగా ప్రసిద్ధికెక్కిన సర్పగంధ, అరనీడలో గులాబివన్నె పూగుత్తులతో ముచ్చటగా నుండును. బొంబాయి వైద్యుడు రుస్తుంజల్ వకీలు 1949లో దాని గుణమును పాశ్చాత్య వైద్యలోకమునకు చాటెను, 1952లో దానినుండి రిసర్పిను వేఱుచేయబడెను. అంతటి తీక్ష్ణమైన మందును ఇంట వేరు త్రవ్వి నూఱుకొని త్రాగుట ఆత్మహత్యాప్రయత్నముతో సమానము. దానిని పూవుకై పెంచుడు.

ఇక నేల, నీరు. నీడమడి ఆలస్యముగా ఆరును. కావున ఎండమడికి పోసినట్లు దినదినమును నీరు పోయుటయే నీడమొక్కల మరణములలో సగమునకు కారణము. వ్రేలు రెండు కణుపులు దించి తడి చూచిన పిమ్మటనే నీరు పోయవలెను, అదియు ఉదయమున. రాత్రి ఆకుపై నిలిచిన తడి బూజునకు పిలుపు. చెట్టు క్రిందనైనచో వేళ్ళను గండ్రగొడ్డలితో నఱకి మడి త్రవ్వుట కంటె, ఎత్తైన తొట్టెలలో నాటుట ఉభయతారకము. ఎండుటాకులు మ్రగ్గిన ఎరువు ఎంతయైన వేయవచ్చును. యూరియా వంటి ఘాటైన ఎరువు నీడమొక్కకు లేనిబలుపు నిచ్చి పురుగులకు విందు చేయును. నత్తలు వానకాలపు శత్రువులు. రాత్రి తడి గోనెసంచి పఱచి ఉదయము దాని క్రింద చేరినవానిని ఏఱివేయుట ఏ మందుకంటెను మిన్న. ఎదుటిగోడకు సున్నము కొట్టుట ఖర్చులేని దీపము: తెల్లనిగోడ తనపై పడిన వెలుగులో అధికభాగమును సందులోనికి త్రిప్పి పంపును. చెట్టును కొట్టనక్కఱలేదు; క్రిందికొమ్మలు రెండుమూడు తీసివేసి మొదలును ఎత్తుచేసినచో ప్రక్కవెలుగు దూఱును. మునగ, కొబ్బరి, బొప్పాయి, అవిసెల క్రింద ఏదైన ప్రయత్నింపవచ్చును. వేప మాఘఫాల్గుణములలో ఆకురాల్చి మరల చిగిర్చును గనుక దానితో సర్దుకొనవచ్చును. చింత క్రింద ప్రయాస వలదు. దాని నీడ దట్టము, నేలరాలిన ఆకు సారము ఇతరమొక్కల మొలకను అణచునని పరిశోధకులును చెప్పిరి.

మేడలలో అంతస్తులలో నివసించువారికి పెరడనగా మూడడుగుల వరండా. అచట దిక్కే విధి. తూర్పువరండా దొరికినవారు తమలపాకు, పుదీనా, పొదమిరియము, కరివేపాకు నిస్సంశయముగా పెట్టుకొనవచ్చును. ఉత్తరపువరండావారు వామాకుతోను సరస్వతియాకుతోను ఆరంభించి, మే నెలలో నీడవల కట్టుకొనవలెను. నలువైపుల ఇతరభవనములు క్రమ్ముకొన్న వరండాలో ఓషధులను హింసింపక మెంతులు మొలకెత్తించి కోసికొనుటతో సంతుష్టి పడుట మంచిది. సముద్రములు దాటి చలిదేశములలో కాపురమున్న తెలుగువారు కరివేపాకును కుండీలో బిడ్డవలె సాకుదురు; శీతకాలమున పగలు తొమ్మిదిగంటలకు కుదించుకొనిపోయి, కిటికీప్రక్కన ఆకు రాల్చినపుడు చలియని భయపడి నీరు హెచ్చించుట వారి సామాన్యపు పొరపాటు. వెలుగు తగ్గినపుడు దప్పియు తగ్గును. నీరు తగ్గించి, దీపపుకాంతి నిచ్చుటయే తెఱవు. ఇచటినుండి మొక్కను మూటలో కొనిపోవుదమను తలంపు మాత్రము వలదు. నిమ్మజాతులకు పచ్చతెగులు మోయు చిన్నపురుగు కరివేపపై బ్రతుకును గనుక అమెరికాలో ఆ మొక్క రాకపోకలపై కట్టుబాట్లున్నవి.

మొక్కలు కొనువారికి కడియము నర్సరీలనుండి వచ్చు సరకు నేడు మారుమూల పట్టణములకును అందుచున్నది. అవి నీడవలల క్రింద, రోజూ నీరందు వసతిలో, పక్కపక్కన ఒత్తిడిగా పెరిగినవి. తెచ్చిననాడే గోడసందున నాటక, వారము పదిదినములు ఉదయపుటెండ తగులు చోట కుండీతోనే యుంచి, క్రొత్త చిగురు కనబడిన పిదప స్థానమునకు చేర్చవలెను. ఆషాఢశ్రావణములు తీగలకును దుంపలకును అనువైన కాలము. పుదీనాకు, కొత్తిమీరకు కార్తికము. వేసవిలో నీడమడిని చల్లు కొత్తిమీర తప్ప ఏదియు క్రొత్తగా నాటరాదు. నాటుటకు ముందటి యేడు, సాధ్యమైనచో, ఆ మూలను ఊరకయే యుంచి, సంక్రాంతికి ఎండ ఎంతవరకు పడినదో, రోహిణికార్తెలో ఎంతవరకు పడినదో గోడమీద బొగ్గుతో గీతలు గీసికొనువారు మొక్కలవానికి చెల్లించు సొమ్ములో సగము మిగుల్చుకొందురు.